నీటి పైపొరలో హైడ్రోజన్ ఎటు చూస్తోందో తేలాలంటే హెటెరోడైన్ తప్పదా?

పెదవాల్తేరు స్కాలర్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. వైజాగ్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. నా పని సముద్రపు నీటి మీద పేరుకునే కొవ్వు ఆమ్లాల పొర గురించి. ఆర్కే బీచ్‌లో అల విరిగినప్పుడు మొహానికి తగిలే తుంపరలో ఉప్పు ఒక్కటే ఉండదు. సముద్రంలోని జీవరాశి నుంచి వచ్చే పామిటిక్ ఆమ్లం లాంటివి నీటి బుడగలను పట్టుకుని పైకొచ్చి, ఆ తుంపరతో పాటే గాలిలోకి పోతాయి. ఆ పొర మందం ఒక్క అణువే. దాని అడుగున ఉన్న నీటి అణువులు హైడ్రోజన్లను పైకి పెట్టుకుంటాయా, కిందికి దించుకుంటాయా అన్నది నేను తేల్చాలి.

దీనికి కావలసిన లేజర్ మా దగ్గర లేదు. వేరే ఊరి ల్యాబ్‌లో స్లాట్ తీసుకుని, సమ్ ఫ్రీక్వెన్సీ జనరేషన్, అంటే ఎస్ఎఫ్‌జీ స్పెక్ట్రాలు తెచ్చుకున్నాను. 800 నానోమీటర్ల పల్సూ, 3 మైక్రాన్ల ఇన్‌ఫ్రారెడ్ పల్సూ నీటి మీద ఒకే చోట ఒకేసారి పడితే 633 నానోమీటర్ల దగ్గర సన్నటి ఎర్రని వెలుగు పుడుతుంది. లోపలి నీటిలో అణువులు అన్ని దిక్కులకూ తిరిగి ఉంటాయి కాబట్టి అక్కడ ఏమీ పుట్టదు, వచ్చేదంతా పైపొర నుంచే. కొలతలు బాగానే వచ్చాయి. 3200, 3450 వేవ్‌నంబర్ల (సెంటీమీటరుకి ఎన్ని తరంగాలో చెప్పే లెక్క) దగ్గర రెండు వెడల్పాటి గుట్టలు కనిపించాయి.

చిక్కంతా ఫిట్టింగ్‌లో, అంటే డేటాకి లెక్కల గీతని సరిపెట్టడంలో, వచ్చింది. రెండు రకాల ఫిట్‌లు వస్తున్నాయి. రెండిట్లోనూ గీత డేటా మీద అచ్చు గుద్దినట్టు కూర్చుంటోంది. ఒకదాని ప్రకారం హైడ్రోజన్లు పైకి, ఇంకోదాని ప్రకారం కిందికి. ఒక సీనియర్ ఏమంటారంటే, సముద్రపు నీటి పీహెచ్ 8 పైన ఉంటుంది, ఆమ్లం ప్రోటాన్ వదిలేసి నెగెటివ్ అవుతుంది, కాబట్టి హైడ్రోజన్లు పైకే చూడాలి, ఆ ఫిట్ తీసుకుని పేపర్ రాసెయ్ అని. నాకు మనసొప్పడం లేదు. ముందే అనుకున్న జవాబుని డేటా చేత చెప్పించినట్టవుతుంది కదా.

హెటెరోడైన్ డిటెక్షన్, అంటే సిగ్నల్‌తో ఇంకో తెలిసిన వెలుగుని కలిపి కొలవడం, పెడితే తేలిపోతుందని చదివాను. కానీ చదివిన చోటల్లా "సిగ్నల్ పెరుగుతుంది" అనే ఉంది. నాకు సిగ్నల్ కొరత లేదు. దానితో నాకొచ్చే లాభం ఏమిటి? అలా కలిపే వెలుగు, లోకల్ ఆసిలేటర్ అన్నది, ఎక్కడి నుంచి తేవాలి? సంక్రాంతి తర్వాత మళ్ళీ స్లాట్ ఉంది. అది పోతే ఇంకో ఆరు నెలలు ఆగాలి, అందుకే టెన్షన్.

రేడియో మాస్టారు, గాజువాక

తల్లీ, లేజర్ల సంగతి తెలిసినవాళ్ళు తర్వాత చెబుతారు గానీ, ఈ పద్ధతి పుట్టింది రేడియోలో. 1901లో ఫెసెండెన్ మొదలుపెట్టాడు, 1918లో ఆర్మ్‌స్ట్రాంగ్ దాన్ని సూపర్‌హెట్ రిసీవర్‌గా చేశాడు. ఇప్పటికీ ఏ మీడియం వేవ్ సెట్టు విప్పినా అదే ఉంటుంది.

మన విశాఖ ఆకాశవాణి 927 కిలోహెర్ట్జ్. ముల్లు అక్కడికి తిప్పగానే సెట్టు లోపలి ఆసిలేటర్ 1382 దగ్గర మోగుతుంది. రెండూ మిక్సర్‌లో కలిస్తే తేడా 455. ఏ స్టేషన్ పెట్టినా తేడా ఆ 455 ఉండేలా ఆసిలేటర్ కూడా ముల్లుతో పాటే తిరుగుతుంది. యాంటెన్నా మీదకొచ్చేది మైక్రోవోల్టుల్లో, లోపలి ఆసిలేటర్ దానికి ఎన్నో రెట్లు బలం. మనం వినేది ఆ రెండిటి లబ్ధాన్ని. మామూలుగా కలిపితే లబ్ధం రాదు, వంకర గుణం ఉన్న డయోడో ట్రాన్సిస్టరో మధ్యలో ఉండాలి. వెలుగులో ఆ మిక్సర్ పని చేసేది ఏమిటో తెలుసుకుంటే మీకు సగం అర్థమైనట్టే.

సీతమ్మధార ఆప్టిక్స్

మాస్టారు సరైన చోట వేలు పెట్టారు. వెలుగులో మిక్సర్ అంటే డిటెక్టరే. 633 నానోమీటర్ల వెలుగు సెకనుకు దాదాపు 474 లక్షల కోట్ల సార్లు ఊగుతుంది. అంత వేగాన్ని ఫొటోడయోడ్ గానీ సీసీడీ కెమెరా గానీ అందుకోలేదు, ఫీల్డ్ వర్గానికి సగటు మాత్రమే చూపిస్తుంది. అమ్మాయీ, మీ రెండు ఫిట్‌ల గొడవ మొదలయ్యేది ఇక్కడే. ప్లస్ ఒకటికీ మైనస్ ఒకటికీ వర్గం ఒకటే. పైకి చూసే హైడ్రోజన్ ప్లస్ గుర్తుతో, కిందికి చూసేది మైనస్ గుర్తుతో ఫీల్డ్ పంపిస్తాయి, డిటెక్టర్ ఆ గుర్తుని చెరిపేస్తుంది. మీకు దొరికింది రెండు ఫిట్‌లే కావచ్చు, లెక్క ప్రకారం ఇంకా ఉంటాయి. నాన్‌రెసొనెంట్ బ్యాక్‌గ్రౌండ్ (ఏ కంపనానికీ చెందని అడుగు సిగ్నల్) మీద రెండు శిఖరాలుంటే, ప్రతి శిఖరానికీ ఏ ఫేజ్ (అల తన ఊపులో ఏ దశలో ఉందన్నది) అయినా ఇవ్వనిస్తే, సరిగ్గా ఒకే గీతనిచ్చే జవాబులు 4 ఉంటాయి. మూడు శిఖరాలుంటే 8. ఇందులో మీ ఫిట్టింగ్ ప్రోగ్రామ్ లోపమేమీ లేదు. ఎంత మంచి డేటా తెచ్చినా అది మారదు.

ఇప్పుడు లోకల్ ఆసిలేటర్. రేడియోలో దాని ఫ్రీక్వెన్సీ వేరు. మనం వాడేది సిగ్నల్‌తో ఒకే ఫ్రీక్వెన్సీ ఉన్న వెలుగు. అందువల్ల తేడా సున్నా, మిగిలేది ఫేజ్ ఒక్కటే. సిగ్నల్ ఫీల్డ్ 1, ఆసిలేటర్ ఫీల్డ్ 10 అనుకోండి. రెండూ కలిసి డిటెక్టర్ మీద పడితే వచ్చేది 100, దానికి 1, ఆ పైన 20 ఇంటూ ఫేజ్ తేడా కొసైన్. మనకు పనికొచ్చేది ఆ చివరి ముక్క. అందులో సిగ్నల్ ఫీల్డ్ వర్గం కాకుండా ఉన్నదున్నట్టు ఉంది, గుర్తుతో సహా. హైడ్రోజన్ తిరగబడితే ప్లస్ 20 కాస్తా మైనస్ 20 అవుతుంది.

ఇంకో మేలు కూడా ఉంది. మామూలు ఎస్ఎఫ్‌జీలో అణువుల సంఖ్య పదో వంతుకి పడిపోతే సిగ్నల్ నూరో వంతుకి పడుతుంది. హెటెరోడైన్‌లో పదో వంతే. సముద్రపు నీటి మీద పొర పలచబడే కొద్దీ కొలవాలనుకునేవాళ్ళకి ఇది చిన్న విషయం కాదు.

సిగ్నల్ పెరుగుతుందన్న మాట గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది. పెరిగేది నిజమే గానీ నాయిస్ కూడా పెరుగుతుంది. ఫోటాన్ల సహజమైన ఒడిదుడుకు తప్ప ఇంకే నాయిసూ లేదనుకుంటే, 100 ఫోటాన్ల సిగ్నల్‌కి మామూలు పద్ధతిలో సిగ్నల్‌కీ నాయిస్‌కీ నిష్పత్తి 10. హెటెరోడైన్‌లో, ఆసిలేటర్‌ని ఎంత పెంచినా, 20. అంటే రెండు రెట్లు, అంతే. అసలు లాభం కనిపించేది సీసీడీ రీడ్ నాయిస్‌లోనో గదిలోని వెలుతురులోనో సిగ్నల్ మునిగిపోతున్నప్పుడు. పైగా లేజర్ ఒక శాతం ఊగిందంటే ఆ ఊగుడు ఆసిలేటర్ మీద కూడా ఉంటుంది. ఆసిలేటర్ ఫీల్డ్‌ని 10 రెట్లు పెంచితే మన ముక్క 10 రెట్లు పెరుగుతుంది, లేజర్ ఊగుడు 100 రెట్లు పెరుగుతుంది. అందుకని సిగ్నల్ కోసం హెటెరోడైన్ పెడతానని ఎవరైనా అంటే నేను వద్దనే చెబుతాను. గుర్తు కోసం అయితే ఎంత చాకిరీ అయినా చెయ్యాల్సిందే.

గుర్తు ఎంత పని చేస్తుందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ. ఎస్ఎఫ్‌జీని 1987లో బర్కిలీలో షెన్ బృందం చేసి చూపించింది. ఆ తర్వాత ఇరవై ఏళ్ళకు పైగా చార్జి ఉన్న పొరల కింద నీటి స్పెక్ట్రాలు ఎంతోమంది తీశారు. సీటీఏబీ అనే పాజిటివ్ సర్ఫాక్టెంట్ (పైపొరలో చేరే సబ్బు లాంటి పదార్థం) కింద, సోడియం డోడెసిల్ సల్ఫేట్ అనే నెగెటివ్ దాని కింద, మీకు వచ్చినలాంటివే రెండు గుట్టలు. పక్కపక్కన పెడితే ఏది ఏదో చెప్పడం కష్టం. 2009లో జపాన్‌లోని రికెన్‌లో తహారా బృందం అవే రెండూ హెటెరోడైన్‌లో తీసింది. ఇమాజినరీ చై టూ అనే రాశిని (పైపొర స్పందనలో ఆ గుర్తుని చూపించే భాగం) గీస్తే ఒకటి మొత్తం సున్నాకి పైన, ఇంకోటి మొత్తం సున్నాకి కింద. నెగెటివ్ పొర కింద హైడ్రోజన్లు పైకి, పాజిటివ్ పొర కింద కిందికి. ఆ బొమ్మ చూశాక ఇక వాదనకి చోటు ఉండదు.

మీ సీనియర్ చెప్పిన తర్కం తప్పని అనను గానీ, పామిటిక్ ఆమ్లం విషయంలో తొందరపడకూడదు. విడిగా నీటిలో కరిగే చిన్న ఆమ్లాల పీకేఏ (సగం ఆమ్లం ప్రోటాన్ వదిలేసే పీహెచ్) 5 లోపు. పొడవాటి గొలుసు ఉన్నవి నీటి మీద పక్కపక్కనే నిలబడి పొర కట్టినప్పుడు అది బాగా పైకి జరుగుతుంది. ఒకదాని ప్రోటాన్ పోతే పక్కదానికి వదులుకోవడం కష్టమవుతుంది మరి. సముద్రపు పీహెచ్ దగ్గర సగం ఆమ్లం ఆమ్లంగానే మిగిలి ఉండొచ్చు. దానికి తోడు ఉప్పు. సముద్రపు నీటిలో అయాన్లు ఎంత ఎక్కువంటే, చార్జి ప్రభావం 0.4 నానోమీటర్ల లోపే చల్లారిపోతుంది, అంటే ఒకటి రెండు నీటి అణువుల దూరం. కాబట్టి జవాబు ముందే తెలుసని ఎవరూ అనలేరు. మనసొప్పక ఆగడం మంచి పనే.

ఇక ఆసిలేటర్ ఎక్కడిదంటారా. వేరే లేజర్ అక్కర్లేదు, అలా తెస్తే ఫేజ్ నిలవదు. మీ రెండు పల్సులనే ఇంకో స్ఫటికంలో కలిపి అక్కడ పుట్టిన 633ని ఆసిలేటర్‌గా వాడుకుంటారు. వై కట్ క్వార్ట్జ్ గానీ గాలియం ఆర్సెనైడ్ గానీ పెడతారు. ముందు స్ఫటికమా, ముందు నీరా అన్నది ఒక్కో ల్యాబ్‌లో ఒక్కోలా ఉంటుంది. మొదటి చోట పుట్టిన 633 దారిలో 2 మిల్లీమీటర్ల ఫ్యూజ్డ్ సిలికా పలక ఉంచితే అది మిగతా రెండు పల్సుల కంటే దాదాపు 3.2 పికోసెకన్లు వెనకబడుతుంది. అప్పుడు స్పెక్ట్రోమీటర్‌లో సాఫీ గుట్ట స్థానంలో దువ్వెన పళ్ళలా ఫ్రింజ్‌లు కనిపిస్తాయి, పంటికీ పంటికీ మధ్య సుమారు 10 వేవ్‌నంబర్లు, అంటే 0.4 నానోమీటర్లు. మీరు వెళ్ళే ల్యాబ్‌లో స్పెక్ట్రోమీటర్ దాన్ని విడదీయగలదో లేదో ముందే అడగండి, గ్రేటింగ్ మార్చాల్సి రావచ్చు. తర్వాత ఫోరియర్ ట్రాన్స్‌ఫామ్ (ఫ్రింజ్‌లను ఆలస్యాల వారీగా విడదీసే లెక్క) చేస్తే ఆసిలేటర్ ఒంటరి భాగం సున్నా దగ్గర కుప్పగా ఉంటుంది, మీకు కావలసిన ముక్క 3.2 పికోసెకన్ల దగ్గర విడిగా నిలబడుతుంది. దాన్ని కత్తిరించి వెనక్కి తిప్పడమే. లేజర్ ఊగుడులో చాలా భాగం ఆ సున్నా కుప్పతో పాటే పోతుంది, అది అదనపు లాభం.

కూర్మన్నపాలెం

నాదొక సందేహం. ఇంత సెటప్ కట్టకుండానే మాగ్జిమమ్ ఎంట్రపీ అనే లెక్కల పద్ధతితో పాత డేటా నుంచే ఫేజ్ తీయొచ్చని విన్నాను. స్లాట్ కోసం ఆగే పని ఉండదు కదా. ఇంకోటి, రామన్ దగ్గర పనిచేసి వచ్చిన సూరి భగవంతం గారు 1930లలో ఇదే వాల్తేరులో రామన్ స్పెక్ట్రాలు తీసి అణువుల నిర్మాణాలు చెప్పారు. అప్పుడు ఏ ఆసిలేటరూ అక్కర్లేకపోయింది. ఇప్పుడు మాత్రం ఎందుకు?

సీతమ్మధార ఆప్టిక్స్

రెండూ అడగదగినవే. మామూలు రామన్‌లో ఒక్కో అణువు తనకి తోచిన ఫేజ్‌లో వెలుగు చిమ్ముతుంది, దేనికీ దేనితోనూ పొంతన ఉండదు. అందుకే అక్కడ తీవ్రతలు కలుస్తాయి, ఫీల్డ్‌లు కాదు. అణువులు రెట్టింపైతే వెలుగు రెట్టింపు. దాని పక్కన ఏ ఆసిలేటర్ పెట్టినా ఫ్రింజ్‌లు రావు, పోయిన ఫేజ్ అంటూ అక్కడ ఏమీ లేదు. ఎస్ఎఫ్‌జీలో అణువులన్నీ లేజర్ చెప్పిన తాళానికే ఊగుతాయి కాబట్టి ఫీల్డ్‌లు కలుస్తాయి, వెలుగు ఒక కిరణంగా ఒకే దిక్కుకి వస్తుంది. అక్కడ ఫేజ్ ఉంది, దాన్ని పారేసుకోవడం నష్టం.

మాగ్జిమమ్ ఎంట్రపీ గురించి: అది ఫేజ్ ఆకారాన్ని ఇస్తుంది, కానీ ఎర్రర్ ఫేజ్ అని ఒకటి మిగిలిపోతుంది. అది ఎంతో బయటి నుంచి మనమే చెప్పాలి. అమ్మాయి వద్దనుకుంటున్నదీ అదే. సరిచూసుకోవడానికి వాడండి, తీర్పు చెప్పడానికి వద్దు.

పెదవాల్తేరు స్కాలర్

మాస్టారికీ మేడమ్‌కీ చాలా చాలా థాంక్స్. నాలుగు జవాబులు ఉంటాయన్న మాటతో ఇన్నాళ్ళ బరువు దిగింది. ఆ ల్యాబ్ వాళ్ళతో మాట్లాడాను, క్వార్ట్జ్ ఉంది, సిలికా పలక కూడా ఉంది. ఇన్‌ఫ్రారెడ్ 50 డిగ్రీల దగ్గర, 800 నానోమీటర్లది 60 డిగ్రీల దగ్గర పడుతుందట. ఫేజ్ సున్నా ఎక్కడో తెలుసుకోవడం ఎలా? క్వార్ట్జ్ ముక్కను నీటి స్థానంలో పెట్టి పోల్చుకుంటే చాలని వాళ్ళన్నారు.

సీతమ్మధార ఆప్టిక్స్

చాలదమ్మా. నిద్ర పట్టనివ్వనిది ఈ భాగమే, అందుకని కాస్త విడమరిచి చెబుతాను.

క్వార్ట్జ్ వాడటం మానమని కాదు. దాన్ని 180 డిగ్రీలు తిప్పితే ఫ్రింజ్‌లు గుర్తు మార్చుకోవాలి, మార్చుకుంటే మీ అమరిక పనిచేస్తోందన్నమాట. అది క్వార్ట్జ్ లోపలి భాగం (బల్క్) నుంచి వచ్చే సిగ్నల్ కాబట్టి 90 డిగ్రీల తేడా లెక్కలో కలుపుకోవాలి. చిక్కు ఎత్తు దగ్గర ఉంది. మీరు చెప్పిన కోణాలతో లెక్క వేశాను. నీటి మట్టం, క్వార్ట్జ్ ఉన్న ఎత్తు కంటే 10 మైక్రాన్లు అటూ ఇటూ అయితే ఫేజ్ సుమారు 27 డిగ్రీలు జరుగుతుంది. ఏసీ గదిలో తెరిచి పెట్టిన నీరు గంటకి పదుల మైక్రాన్లు ఆవిరైపోతుంది. మీరు టీ తాగి వచ్చేలోపు ఇమాజినరీ భాగంలోకి రియల్ భాగం కలిసిపోయి ఉంటుంది. రెండు కిరణాలూ ఒకే దారిలో, ఒకే కోణంలో వచ్చే కొలీనియర్ అమరికలో ఈ ఎత్తు ప్రభావం దాదాపు పూర్తిగా రద్దయిపోతుంది. మీ ల్యాబ్‌లో అది లేదు కాబట్టి, ఎత్తు కొలిచే లేజర్ సెన్సర్ ఒకటి పైనుంచి చూస్తూ ఉండాలి. మట్టం తగ్గే కొద్దీ స్టేజ్‌ని పైకి లేపుతూ పోవాలి.

ఇందులో ఎంత పెద్దవాళ్ళయినా చిక్కుకునే అవకాశం ఉంది. మామూలు నీటి పైపొర ఇమాజినరీ స్పెక్ట్రమ్‌లో 3700 దగ్గర పదునైన పాజిటివ్ శిఖరం ఉంటుంది, గాలిలోకి పొడుచుకొచ్చిన ఓహెచ్‌ది. 3450 చుట్టూ వెడల్పాటి నెగెటివ్ భాగం. వీటితో పాటు 3200 లోపల ఒక పాజిటివ్ గుట్ట ఉందని కొన్నేళ్ళు అందరూ నమ్మారు, మంచు లాంటి అమరిక అని వివరణలు కూడా ఇచ్చారు. 2015లో రిఫరెన్స్ ఫేజ్‌ని భారజలంతో (మామూలు హైడ్రోజన్ బదులు డ్యుటీరియం ఉన్న నీరు) సరిచూస్తే ఆ గుట్ట మాయమైంది. అది నీటిలో లేదు, ఫేజ్ తేడాలో ఉంది.

మీరూ భారజలమే వాడండి. దానిలో ఓడీ (ఆక్సిజన్-డ్యుటీరియం) కంపనాలు 2300 నుంచి 2750 మధ్య ఉంటాయి, మీరు చూసే 3000 పైన ఏమీ లేదు. కాబట్టి అక్కడ ఇమాజినరీ భాగం సున్నా రావాలి, రాకపోతే వచ్చినంత మేర ఫేజ్ సరిదిద్దుకోవాలి. పైగా అది కూడా ద్రవమే, అదే గిన్నెలో అదే ఎత్తులో పోయొచ్చు.

ఇక మన ఊరి ఉక్కపోతలో పనిచేసినదాన్ని కాబట్టి ఇంకొన్ని మాటలు. గాలిలోని నీటి ఆవిరి 3600 నుంచి 3900 మధ్య ఇన్‌ఫ్రారెడ్‌ని ముళ్ళకంపలా కోసేస్తుంది, మీ 3700 శిఖరం సరిగ్గా దాని మధ్యలో పడుతుంది. కిరణం దారి అంతా బాక్సు కట్టి పొడి నైట్రోజన్ వదలాలి. ఆ ల్యాబ్ ఎంత పొడి ఊళ్ళో ఉన్నా సరే, అడగండి. నమూనా కోసం మొదటే రుషికొండ నుంచి నీళ్ళు పట్టుకెళ్ళకండి, అందులో ఏముందో మీకు తెలియదు. ఉప్పుని 600 డిగ్రీల దగ్గర కాల్చి సేంద్రియ మలినాలు పోగొట్టి, దానితో ద్రావణం చేసుకోండి. పొర వేయకముందు ఆ ఉప్పునీటి స్పెక్ట్రమ్‌లో 2800 నుంచి 3000 మధ్య సీహెచ్ శిఖరాలేవీ కనిపించకూడదు. కనిపిస్తే ఉప్పు మార్చండి. సముద్రపు నీరు దాని తర్వాత.

పెదవాల్తేరు స్కాలర్

మేడమ్, భారజలం సీసా మా దగ్గర ఒకటి ఉంది, ఇంతకుముందు తెరిచి వాడినది. అది తీసుకెళ్ళొచ్చా?

సీతమ్మధార ఆప్టిక్స్

వద్దు. తెరిచిన సీసా మన గాలిలోని తేమని తాగేసి ఉంటుంది, డ్యుటీరియం పోయి మామూలు హైడ్రోజన్ చేరుతుంది. అప్పుడు భారజలం మీద కూడా 3700 దగ్గర చిన్న బొడిపె లేస్తుంది, మీ సున్నా సున్నా కాకుండా పోతుంది. సీలు తీయని సీసా కొనండి, అక్కడే నైట్రోజన్ బాక్సులో తెరవండి. బొడిపె కనిపించిన క్షణం ఆ నీరు పారబోసి కొత్తది పోయండి.

కొలిచే క్రమం ఇలా పెట్టుకోండి: ముందు భారజలం, తర్వాత నమూనా, మళ్ళీ భారజలం. ముందూ వెనకా వచ్చిన రెండు ఫేజ్‌ల మధ్య తేడా 5 డిగ్రీలు దాటితే మధ్యలోని నమూనా డేటాని వాడకండి, ఎంత అందంగా ఉన్నా సరే. స్లాట్‌లో సగం సమయం దీనికే పోతుందని ముందే లెక్క వేసుకుని వెళ్ళండి. పీహెచ్ 4 దగ్గర ఒకటి, 8 దగ్గర ఒకటి, 11 దగ్గర ఒకటి తీస్తే చాలు. ఆ చివరి రెండిట్లో చార్జి తేడా మీ 3200 గుట్ట గుర్తులోనో ఎత్తులోనో కనిపిస్తుంది. ఫ్రింజ్‌లు తీశాక రా డేటా ఇక్కడ పెట్టండి, ఫోరియర్ విండో ఎంత పెట్టాలో కూర్చుని చూద్దాం.